ఎస్‌క్యూఎల్‌కు ప్రమాణం ఒకటే, యాసలు ఎన్నో

డేటాబేసులతో ఏ కాస్త పరిచయం ఉన్నవారికైనా, వాటిలోని సమాచారాన్ని అడిగి తెచ్చుకునే భాష అయిన ఎస్‌క్యూఎల్ పేరు తెలుసు. ఆ భాష ఎలా పుట్టింది, దాని ప్రమాణాన్ని ఎవరు రాస్తారు, ప్రమాణం ఉండి కూడా ఒకచోట నడిచిన క్వెరీ (డేటాబేసును అడిగే ప్రశ్న) మరొకచోట ఎందుకు మొరాయిస్తుంది అని ఈసారి చాలామంది పాఠకులు అడిగారు. దగ్గరదగ్గరగా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఎస్‌క్యూఎల్ రాకముందు కూడా డేటాబేసులు ఉండేవి కదా. అప్పుడు వాటిని ఏ భాషలో అడిగేవారు? కొత్త భాష అవసరం ఎందుకు వచ్చింది? (ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: ఉండేవి, సమర్థంగానే పనిచేసేవి. అపోలో అంతరిక్ష కార్యక్రమంలో లెక్కలేనన్ని విడిభాగాల వివరాలు చూసుకోవడానికి మొదలై, 1968 ప్రాంతంలో వాడుకలోకి వచ్చిన ఐబీఎం వారి ఐఎంఎస్‌లో సమాచారం చెట్టు కొమ్మల్లా అమరి ఉండేది. జనరల్ ఎలక్ట్రిక్‌లో చార్లెస్ బాక్‌మన్ నిర్మించిన ఐడీఎస్ నుంచి పుట్టి, కోడాసిల్ అనే సంఘం చేతుల్లో రూపుదిద్దుకున్న మరో పద్ధతిలో రికార్డులు ఒకదానికొకటి గొలుసుకట్టుగా ముడిపడి ఉండేవి. అయితే ఆ డేటాబేసులను మనం ఇప్పుడు అనుకునే అర్థంలో అడగడం అంటూ లేదు. ప్రోగ్రామరు ఒక రికార్డు దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి ఏ గొలుసు పట్టుకుని పోతే తనకు కావలసిన రికార్డు దొరుకుతుందో తానే తెలుసుకుని, అడుగడుగునా ప్రోగ్రాములో రాసుకోవాలి. 1973లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నప్పుడు బాక్‌మన్ ప్రోగ్రామరును దారి కనుక్కుంటూ సాగే నావికుడితో పోల్చారు. ఆయన దృష్టిలో అది ఆ వృత్తికి దక్కిన గౌరవం.

ఆ నావికుడి పని అసలు మనిషి చేయవలసిందేనా అని సందేహించినవారు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండులో పుట్టి, గణితం చదువుకుని, కాలిఫోర్నియాలోని సాన్ హోసేలో ఐబీఎం పరిశోధనాలయంలో పనిచేస్తున్న ఆయన 1970 జూన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆనాటి వ్యవస్థల్లో ప్రోగ్రాములు మూడు విషయాల మీద ఆధారపడి ఉన్నాయని అందులో చూపించారు: రికార్డులు ఏ క్రమంలో నిల్వ ఉన్నాయి, ఏ ఇండెక్సులు (వెతకడాన్ని వేగం చేసే సూచికలు) ఉన్నాయి, ఒక రికార్డు నుంచి మరోదానికి ఏ దారిలో వెళ్లాలి. వీటిలో ఏది మారినా, అడిగే విషయం మారకపోయినా, ప్రోగ్రాము పాడవుతుంది. సమాచారాన్నంతా పట్టికలుగా, గణితపరిభాషలో రిలేషన్లుగా చూస్తే ఈ మూడు ముడులూ వీడిపోతాయని ఆయన వాదన.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తమ పై అధికారి కంటే ఎక్కువ జీతం తీసుకుంటున్న ఉద్యోగులు ఎవరెవరు అని తెలుసుకోవాలి. గొలుసుల పద్ధతిలో ఒక్కో ఉద్యోగి రికార్డు తెరవాలి, అతని అధికారి దగ్గరికి వెళ్లే గొలుసు పట్టుకోవాలి, జీతాలు పోల్చాలి, వెనక్కి వచ్చి తర్వాతి ఉద్యోగిని అందుకోవాలి, గొలుసు చివర వచ్చిందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి. ఇదంతా రాస్తే కొన్ని పేజీల ప్రోగ్రాము అవుతుంది. ఎస్‌క్యూఎల్‌లో ఇదే ప్రశ్న నాలుగు వరుసలు. ఆ మాటలను తెలుగు లిపిలో రాస్తే ఇలా ఉంటుంది:

సెలెక్ట్ ఉ.పేరు
ఫ్రమ్ ఉద్యోగులు ఉ, ఉద్యోగులు అ
వేర్ ఉ.అధికారి = అ.సంఖ్య
అండ్ ఉ.జీతం > అ.జీతం

ఉద్యోగుల పట్టిక ఒకటే. దాన్ని ఒకసారి ఉద్యోగిగా, ఒకసారి అధికారిగా రెండు పేర్లతో పిలుచుకున్నాం, అంతే. పట్టికలో ఏ వరుస ముందు చదవాలి, ఏ ఇండెక్సు వాడాలి అన్న మాట ఇందులో ఎక్కడా లేదు.

అయితే ఈ రూపం కాడ్ ఇచ్చినది కాదు. ఆయన ప్రతిపాదించిన భాష తర్కశాస్త్రపు గుర్తులతో నిండి ఉండేది. గణితం తెలిసినవారికి అది అందంగా కనిపించేది, మిగతావారికి కొరుకుడు పడేది కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని యార్క్‌టౌన్ హైట్స్‌లో ఐబీఎం పరిశోధకులుగా ఉండి, 1973లో సాన్ హోసేకు వచ్చిన డాన్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఈ చిక్కును విప్పడానికి పూనుకున్నారు. వారి మొదటి ప్రయత్నం పేరు స్క్వేర్. అందులో పేర్లను అక్షరాల కిందా పైనా చిన్నగా రాయవలసి ఉండటంతో కీబోర్డు మీద టైపు చేయడమే కష్టమైంది. రెండో ప్రయత్నంలో గుర్తులు తీసేసి మామూలు ఇంగ్లిషు మాటలు పెట్టారు. దానికి సీక్వెల్ అని పేరు పెట్టి, 1974 మేలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జరిగిన సదస్సులో వివరించారు. కాడ్‌కూ బాక్‌మన్‌కూ మధ్య ఎదురెదురుగా చర్చ జరిగింది కూడా అదే సదస్సులో.

ఆ తర్వాత కొద్ది కాలానికే బాయిస్ మెదడులో రక్తనాళం చిట్లి, చిన్న వయసులోనే కన్నుమూశారు. ఎస్‌క్యూఎల్ చరిత్ర చెప్పేటప్పుడు ఈ పేరును చాలామంది దాటేసి వెళ్లిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో నార్మలైజేషన్ (ఒకే సమాచారం పదేపదే రాకుండా పట్టికలను అమర్చడం) దగ్గర కనిపించే బాయిస్-కాడ్ నార్మల్ ఫామ్‌లోని బాయిస్ ఆయనే.

మరో విషయం కూడా చెప్పుకోవాలి. ఈ భాష మామూలు మనుషులకు నిజంగా అర్థమవుతుందా లేదా అన్నది ఊహకు వదిలేయలేదు. ఫిలిస్ రైస్నర్ అనే పరిశోధకురాలు కళాశాల విద్యార్థులకు స్క్వేర్‌ను, సీక్వెల్‌ను నేర్పించి, వారు ఎక్కడ తప్పులు చేస్తున్నారో పరీక్షించి చూశారు. ఒక కంప్యూటర్ భాష రూపకల్పనలో వాడేవారిని అలా కూర్చోబెట్టి పరీక్షించడం ఆ రోజుల్లో అరుదు.

ప్రశ్న: మా ఆఫీసులో కొందరు సీక్వెల్ అంటారు, కొందరు ఎస్‌క్యూఎల్ అంటారు. ఏది సరైనది?

జవాబు: మొదటి పేరు సీక్వెల్లే. అయితే ఆ పేరు మీద హాకర్ సిడ్లీ అనే బ్రిటిష్ సంస్థకు ట్రేడ్‌మార్క్ హక్కు ఉండటంతో, ఐబీఎం అచ్చులన్నీ తీసేసి ఎస్‌క్యూఎల్ అని కుదించింది. ప్రమాణం ప్రకారం మూడు అక్షరాలనూ విడివిడిగా పలకాలి. సీక్వెల్ అనేవారు పాత పేరును నిలుపుతున్నారు కాబట్టి వారిని తప్పుపట్టలేం.

ప్రశ్న: భాషను కనిపెట్టింది ఐబీఎం అయితే, దాన్ని మొదట మార్కెట్లోకి తెచ్చింది ఒరాకిల్ అని చదివాను. అలా ఎలా జరిగింది? క్వెల్ అనే మరో భాష ఇంతకంటే బాగుండేదని మా అధ్యాపకులు అంటారు. అది ఎందుకు నిలవలేదు?

జవాబు: ఐబీఎం పరిశోధకులు సిస్టమ్ ఆర్ అనే పేరుతో ఒక నమూనా డేటాబేసును నిర్మించారు. ఆ ప్రాజెక్టు ముందున్న అసలు ప్రశ్న భాష గురించి కాదు, వేగం గురించి. దారి చెప్పకుండా ప్రశ్న మాత్రమే అడిగితే, అనుభవజ్ఞుడైన ప్రోగ్రామరు చేత్తో రాసిన దారికి దీటైన దారిని యంత్రం తనంతట తాను వెతుక్కోగలదా? గలదని చూపించిన వ్యాసం 1979లో పట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు రాసినది. ప్రతి దారికీ డిస్కు నుంచి ఎన్ని పేజీలు చదవాలి, ప్రాసెసరు మీద ఎంత పని పడుతుంది అని అంచనా కట్టి, అన్నింటిలోకీ చవకైన దారిని ఎంచుకునే పద్ధతి అది. ఈనాటి పెద్ద డేటాబేసుల్లో దారిని ఎంచే భాగాలైన ఆప్టిమైజర్లు చాలావరకు ఆ ఆలోచన వారసులే. నన్నడిగితే, ఎస్‌క్యూఎల్ బతికి బట్టకట్టడానికి దాని వ్యాకరణం కంటే ఈ వ్యాసమే పెద్ద కారణం.

సిస్టమ్ ఆర్ పరిశోధకులు తమ పనిని దాచుకోలేదు. భాష వివరాలు 1976లోనే ఐబీఎం సొంత పత్రికలో అచ్చయ్యాయి. 1977లో లారీ ఎలిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ కలిసి స్థాపించిన చిన్న సంస్థ ఆ వ్యాసాలు చదివి, 1979లో ఒరాకిల్‌ను అమ్మకానికి పెట్టింది. మొదటి వెర్షన్‌కే రెండో వెర్షన్ అని పేరు పెట్టారు. అప్పటికే ఐఎంఎస్‌ను పెద్దయెత్తున అమ్ముకుంటున్న ఐబీఎం మాత్రం నెమ్మదిగా కదిలి 1981లో ఎస్‌క్యూఎల్/డీఎస్‌ను, 1983లో డీబీ2ను ప్రకటించింది.

క్వెల్ సంగతి. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజిన్ వాంగ్ నడిపిన ఇన్‌గ్రెస్ ప్రాజెక్టులో పుట్టిన భాష అది. కాడ్ గణితానికి మరింత దగ్గరగా, నియమాల్లో మరింత పొందికగా ఉండేది. మీ అధ్యాపకుల మాటతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. ఎస్‌క్యూఎల్ మొదట్లో ఒకే విషయాన్ని నాలుగైదు రకాలుగా రాయనిచ్చేది, కొన్ని సులువైన విషయాలను అసలు రాయనిచ్చేది కాదు. అయినా ఐబీఎం ఒక భాషను ఎంచుకున్నాక కొనేవారు కూడా ఆ భాషే అడిగారు, 1986లో ప్రమాణం కూడా దానికే వచ్చింది. ఇన్‌గ్రెస్ కూడా ఎస్‌క్యూఎల్‌ను చేర్చుకోక తప్పలేదు. ఇన్‌గ్రెస్ తర్వాత స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన పోస్ట్‌గ్రెస్ కొన్నేళ్లు క్వెల్ వారసత్వపు భాషతోనే నడిచింది. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు విద్యార్థులు ఆ భాషను తీసేసి ఎస్‌క్యూఎల్‌ను పెట్టారు. 1996లో దాని పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది. మనం ఇప్పుడు వాడే ఉచిత డేటాబేస్ అదే.

ప్రశ్న: ఎస్‌క్యూఎల్ ప్రమాణాన్ని ఎవరు రాస్తారు? ఒక కంపెనీదా, ప్రభుత్వానిదా? ఎన్నిసార్లు మారింది?

జవాబు: కంపెనీదీ కాదు, ప్రభుత్వానిదీ కాదు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ అయిన ఆన్సీ కింద ఎక్స్‌3హెచ్2 అనే కమిటీ ఈ పని మొదలుపెట్టింది. విశేషమేమిటంటే ఆ కమిటీని మొదట ఏర్పాటు చేసింది గొలుసుల పద్ధతి డేటాబేసులకు ప్రమాణం రాయడానికి. ఆ పనిని వారు పూర్తి చేశారు కూడా. ఎన్‌డీఎల్ అనే ఆ భాష ప్రమాణం, ఎస్‌క్యూఎల్ ప్రమాణం రెండూ ఒకే ఏడాది, 1986లో వచ్చాయి. ఒకదాని సంఖ్య ఎక్స్‌3.133, రెండోదాని సంఖ్య ఎక్స్‌3.135. మొదటిదాన్ని ఈనాడు తలుచుకునేవారు దాదాపు లేరు. రెండోదాన్ని 1987లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 9075 అనే సంఖ్యతో స్వీకరించింది.

మొదటి ప్రమాణం సుమారు 100 పేజీలు. అందులో ఏమి లేవో తెలిస్తే ఆశ్చర్యపోతారు. తేదీ అనే డేటా రకం లేదు. పట్టికను సృష్టించవచ్చు కానీ తొలగించడానికి, మార్చడానికి ఆదేశం లేదు. ప్రతి వరుసనూ విడిగా గుర్తించే ప్రైమరీ కీ, మరో పట్టికలోని వరుసను చూపే ఫారిన్ కీ లేవు. ఇవన్నీ తెలియక వదిలేసినవి కావు. అప్పటికే మార్కెట్లో ఉన్న ఉత్పత్తులు వీటిని తలొక రకంగా చేస్తున్నాయి కాబట్టి, అందరూ ఒప్పుకోగలిగిన భాగాన్ని మాత్రమే కమిటీ కాగితం మీద పెట్టింది. ఎస్‌క్యూఎల్ ప్రమాణం స్వభావం మొదటినుంచీ ఇదే. ఉత్పత్తులు ముందు పుట్టాయి, ఒప్పందం తర్వాత రాశారు. కీల సంగతి 1989లో చేరింది.

అసలైన పెద్ద ప్రమాణం 1992లో వచ్చింది. పేజీలు దాదాపు 600 అయ్యాయి. తేదీ, సమయం, మారే పొడవు గల అక్షరమాలలు (పేరు, చిరునామా వంటి పాఠ్యం), పట్టికలను కలిపే జాయిన్‌ను జాయిన్ అనే మాటతోనే రాసే పద్ధతి, జత దొరకని వరుసలనూ నిలిపే అవుటర్ జాయిన్, షరతును బట్టి విలువ ఇచ్చే కేస్, పట్టికలను మార్చే, తొలగించే ఆదేశాలు అన్నీ అందులోనే చేరాయి. నేటికీ మనం రోజూ రాసే క్వెరీల్లో సింహభాగం 1992 నాటి భాషే. 1999లో ఒక క్వెరీ తనను తానే పదేపదే పిలుచుకునే రికర్సివ్ క్వెరీలు, సమాచారం మారగానే వాటంతట అవే నడిచే ట్రిగ్గర్లు వచ్చాయి. 2003లో విండో ఫంక్షన్లు ప్రధాన ప్రమాణంలో కలిశాయి. ఒక వరుసను దాని చుట్టుపక్కల వరుసలతో పోల్చడానికి, ఉదాహరణకు అంతవరకు జరిగిన మొత్తాన్ని ప్రతి వరుస పక్కన చూపడానికి, ఇంతకు ముందు మెలికలు తిరిగిన క్వెరీలు రాయవలసి వచ్చేది. బద్ధ ప్రత్యర్థులైన ఐబీఎం, ఒరాకిల్ నిపుణులు కలిసి ఆ ప్రతిపాదన రాశారు. 2006 కూర్పు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, 2008 నాటి సంగతి ఒకటి తర్వాతి జవాబులో వస్తుంది. 2011లో కాలంతో పాటు మారే సమాచారానికి, 2016లో సమాచారాన్ని పాఠ్యంగా రాసి పంపుకునే రూపమైన జేసన్‌కు చోటు దొరికింది.

కాలానికి సంబంధించిన ఆ అంశం వెనుక కథ కమిటీల పని తీరును బాగా చూపిస్తుంది. ఒక వరుస ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు నిజం అన్నది భాషలోనే భాగం కావాలని 1990లలోనే ప్రతిపాదన వచ్చింది. దానికోసం ప్రమాణంలో ఏడో భాగం అని ఒక సంఖ్య కూడా కేటాయించారు. సభ్యదేశాల మధ్య ఏకాభిప్రాయం కుదరక 2001లో ఆ భాగాన్ని రద్దు చేశారు. పదేళ్ల తర్వాత మరో రూపంలో, మరింత సరళంగా అది తిరిగి వచ్చింది. ఇప్పటికీ ప్రమాణం భాగాల సంఖ్యల్లో అక్కడక్కడా ఖాళీలు కనిపించడానికి ఇలా రద్దయినవి, వేరేవాటిలో కలిసిపోయినవే కారణం.

ప్రస్తుతం ఈ పని ఐఎస్ఓ, ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక ప్రమాణాల సంస్థ) ఉమ్మడి కమిటీ కిందున్న ఎస్‌సీ32 ఉపసంఘంలోని మూడో కార్యవర్గం చేతుల్లో ఉంది. నిపుణుల్లో ఎక్కువమంది డేటాబేస్ కంపెనీల ఉద్యోగులే, ఓటు మాత్రం దేశాలది. తయారైన ప్రమాణాన్ని డబ్బు చెల్లించి కొనుక్కోవాలి. కోట్లమంది రోజూ రాసే భాషకు సంబంధించిన మూలగ్రంథం ఒక విద్యార్థి ఉచితంగా చదువుకోలేని చోట ఉండటం తప్పని నా అభిప్రాయం.

ప్రశ్న: ప్రమాణం అంటూ ఉన్నప్పుడు, ఒక డేటాబేసులో నడిచిన క్వెరీ మరోదానిలో ఎందుకు నడవదు? ప్రమాణాన్ని పాటించకపోతే శిక్ష ఏమీ ఉండదా? (ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: శిక్ష లేదు. తనిఖీ మాత్రం ఒకప్పుడు ఉండేది. అమెరికా ప్రభుత్వం తాను కొనే డేటాబేసులు ఎస్‌క్యూఎల్ ప్రమాణానికి లోబడి ఉండాలని 1987 నుంచి ఫిప్స్ 127 అనే నియమం పెట్టింది. నిస్ట్ అనే అక్కడి ప్రభుత్వ సంస్థ పరీక్షలు రాసి, ఉత్పత్తులను పరీక్షించి, ధ్రువపత్రాలు ఇచ్చేది. ప్రభుత్వం పెద్ద కొనుగోలుదారు కాబట్టి కంపెనీలు ఆ పరీక్షలను లెక్కచేసేవి. 1996లో నిస్ట్ ఆ పని మానుకుంది. అప్పటినుంచి ప్రమాణాన్ని ఎంతవరకు పాటిస్తున్నామన్నది ఎవరికి వారు చెప్పుకోవడమే.

ఇక తేడాల సంగతి. ఫలితంలో మొదటి పది వరుసలు మాత్రమే కావాలనుకోండి. ప్రతి ప్రోగ్రాములోనూ అవసరమయ్యే ఈ చిన్న విషయానికి 2008 దాకా ప్రమాణంలో సూటి మార్గం లేదు. అప్పటికే మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లిమిట్ అన్నాయి, మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ టాప్ అంది, ఒరాకిల్ వరుస సంఖ్యను షరతు చెప్పే వేర్‌లో పోల్చమంది. 2008లో కమిటీ ఫెచ్ ఫస్ట్ అనే రూపాన్ని ఇచ్చింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012లో, ఒరాకిల్ 2013లో ఆ రూపాన్ని చేర్చుకున్నాయి. కానీ అప్పటికే లోకంలో లక్షల ప్రోగ్రాములు పాత మాటలతో నడుస్తున్నాయి, వాటిని ఎవరూ తిరగరాయరు. ఆలస్యంగా వచ్చిన ప్రమాణం ఉన్న యాసల పక్కన మరో యాసగా నిలబడుతుంది.

కొన్ని తేడాలు ఇంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే అవి తప్పు చూపకుండా ఫలితాన్ని మార్చేస్తాయి. రెండు అక్షరమాలలను కలపడానికి ప్రమాణం రెండు నిలువుగీతలు వాడమంటుంది. మైఎస్‌క్యూఎల్ మామూలు అమరికలో ఆ గీతలకు ‘లేదా’ (ఇంగ్లిషులో ఆర్) అని అర్థం, అంటే పేరు, ఇంటిపేరు కలుస్తాయనుకున్న చోట నిజమో అబద్ధమో తెలిపే అంకె వస్తుంది. ఖాళీ అక్షరమాల, విలువ లేకపోవడం అన్న రెండింటినీ ప్రమాణం వేర్వేరుగా చూస్తుంది, ఒరాకిల్ మాత్రం ఖాళీ అక్షరమాలను విలువ లేనిదిగానే పరిగణిస్తుంది. కొటేషన్ గుర్తులు లేని పేర్లను ప్రమాణం పెద్ద అక్షరాలుగా చూడమంటే, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ చిన్న అక్షరాలుగా చూస్తుంది.

ప్రమాణంలోనే లోటు ఉన్న చోటు కూడా ఒకటి చూపిస్తాను. ఒకేసారి అనేక ట్రాన్సాక్షన్లు (ఒకే పనిగా జరగవలసిన ఆదేశాల గుంపులు) నడుస్తున్నప్పుడు ఒకదాని మార్పులు మరోదానికి ఎంతవరకు కనిపించాలన్నదానికి 1992 ప్రమాణం నాలుగు స్థాయిలు పెట్టింది. వాటిని ఏమి జరగకూడదో చెప్పి నిర్వచించింది: పూర్తికాని మార్పును చదవకూడదు, ఒకసారి చదివిన విలువ మళ్లీ చదివితే మారకూడదు, మళ్లీ వెతికితే కొత్త వరుసలు ప్రత్యక్షం కాకూడదు. ఈ మూడూ జరగకపోతే అత్యున్నత స్థాయి అన్నట్టే చాలామంది చదువుకున్నారు. ఆ నిర్వచనాలు చాలవని 1995లో డేటాబేస్ పరిశోధకుడు జిమ్ గ్రే తదితరులు ఒక వ్యాసంలో నిరూపించారు. ఒక ఖాతాదారుకు రెండు ఖాతాలు ఉన్నాయి, రెండింటి మొత్తం సున్నాకు దిగకూడదన్నది నియమం అనుకుందాం. ఒకే క్షణంలో రెండు ట్రాన్సాక్షన్లు మొదలై, రెండూ మొత్తాన్ని చూసి సరిపోతుందని తేల్చుకుని, ఒకటి మొదటి ఖాతా నుంచి, మరొకటి రెండో ఖాతా నుంచి డబ్బు తీస్తాయి. పైన చెప్పిన మూడు దోషాల్లో ఒక్కటీ జరగలేదు. అయినా నియమం తప్పింది. ఆ వ్యాసం రాసిన ఆరుగురిలో జిమ్ మెల్టన్ ఒకరు. ఎస్‌క్యూఎల్ ప్రమాణానికి ఏళ్ల తరబడి సంపాదకుడు ఆయనే. తాను సంపాదకత్వం వహించిన పాఠంలోని లోటును బయటపెట్టే వ్యాసానికి తన పేరు ఇచ్చిన నిజాయితీ నాకు ఎంతో గౌరవనీయంగా అనిపిస్తుంది.

చివరగా, ఇండెక్సును సృష్టించే ఆదేశం ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో ఎక్కడా లేదు. ప్రతి డేటాబేసులోనూ ఉన్న క్రియేట్ ఇండెక్స్ పూర్తిగా ఉత్పత్తుల సొంతం. ఏమి కావాలన్నది భాష, ఎలా తేవాలన్నది యంత్రం అన్న కాడ్ విభజనను కమిటీ ఇక్కడ చెక్కుచెదరకుండా కాపాడింది.

ప్రశ్న: నల్ గురించి చదివినకొద్దీ గందరగోళం పెరుగుతోంది. అది సున్నా కాదు, ఖాళీ కాదు అంటారు. మరి ఏమిటి?

జవాబు: విలువ తెలియదు లేదా లేదు అని చెప్పే గుర్తు అది. తెలియని దాన్ని దేనితో పోల్చినా సమాధానం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, తెలియదు అనే వస్తుంది. కాబట్టి ఎస్‌క్యూఎల్ తర్కంలో రెండు కాదు, మూడు విలువలు ఉంటాయి. వేర్ భాగం నిజం అని తేలిన వరుసలనే రానిస్తుంది, తెలియదు అన్నవాటిని ఆపేస్తుంది.

ఇది నాకు పుస్తకంలో చదివినప్పటికంటే పనిలో దెబ్బ తిన్నప్పుడు బాగా అర్థమైంది. ఇంతవరకు ఒక్క ఆర్డరూ ఇవ్వని ఖాతాదారుల జాబితా తీయమని అడిగారు. ఖాతాదారు సంఖ్య ఆర్డర్ల పట్టికలోని సంఖ్యల్లో లేనివారిని ఇవ్వు అని, నాట్ ఇన్ వాడి రాశాను. నెలల తరబడి సరిగ్గా పనిచేసింది. ఒకరోజు జాబితా పూర్తిగా ఖాళీగా వచ్చింది, తప్పు సందేశం ఏమీ లేదు. వెతికి చూస్తే ఆర్డర్ల పట్టికలో ఒకే ఒక్క వరుసలో ఖాతాదారు సంఖ్య నల్‌గా పడింది. సంఖ్య 7 ఉన్న ఖాతాదారును తీసుకుంటే, 7 అనేది 1 కాదు, 2 కాదు, తెలియనిదీ కాదు అని మూడూ నిజం కావాలి. చివరిది ఎప్పటికీ తెలియదు. దాంతో మొత్తం వాక్యం ఎవరి విషయంలోనూ నిజం అయ్యే అవకాశం లేకపోయింది. నాట్ ఎగ్జిస్ట్స్‌తో తిరగరాశాక సరిపోయింది, ఎందుకంటే అది సరిపోలే వరుస ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. నాట్ ఇన్ లోపల మరో సెలెక్ట్ రాసే ముందు ఆ కాలమ్‌లో నల్ పడే వీలుందా అని ఒక్కసారి చూసుకోండి.

ప్రమాణం రాసేవారికి కూడా నల్ తేలిగ్గా లొంగలేదు. ఒక కాలమ్‌ను యునీక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదు) అన్నప్పుడు అందులో రెండు నల్‌లు ఉండవచ్చా అన్నదాన్ని ఉత్పత్తులు వేర్వేరుగా అర్థం చేసుకుంటూ వచ్చాయి. 2023 కూర్పులో, నల్‌లను వేర్వేరుగా లెక్కించాలా ఒకటిగా లెక్కించాలా అని రాసేవారే చెప్పే వీలు కల్పించారు. ప్రమాణం మొదట వచ్చిన 37 ఏళ్లకు ఐఎస్ఓ ఈ ప్రశ్నను ఇలా తేల్చింది.

ప్రశ్న: నోఎస్‌క్యూఎల్ అనే కొత్త రకం డేటాబేసులు వచ్చాక ఎస్‌క్యూఎల్ పని అయిపోయిందన్నారు. ఇప్పుడు నేర్చుకోవడం దండగా? నా డేటాబేస్ ప్రమాణాన్ని ఎంత పాటిస్తోందో ఎలా తెలుస్తుంది?

జవాబు: దండగ కాదు. 2009 ప్రాంతంలో నోఎస్‌క్యూఎల్ అనే పేరు ప్రచారంలోకి వచ్చినప్పుడు, వేల యంత్రాల మీద సమాచారాన్ని పంచే అవసరానికి అప్పటి రిలేషనల్ (పట్టికల పద్ధతి) ఉత్పత్తులు సరిపోవన్నది నిజమైన ఇబ్బందే. కానీ ఆ ఇబ్బంది నిల్వ చేసే పద్ధతిది, అడిగే భాషది కాదు. అందుకే ఆ తర్వాత వచ్చిన అనేక పంపిణీ వ్యవస్థలు పైన మళ్లీ ఎస్‌క్యూఎల్‌నే పెట్టుకున్నాయి.

రెండో ప్రశ్నకు, మీ ఉత్పత్తి పత్రాలే మొదటి ఆధారం. ఈ విషయంలో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పత్రాలు ఆదర్శంగా ఉంటాయి. చివర ఒక అనుబంధంలో ప్రమాణంలోని అంశాలను ఒక్కొక్కటిగా పేర్కొని, ఉన్నవీ లేనివీ వేరు చేసి చూపిస్తారు. 2023 ప్రమాణంలో తప్పనిసరి అయిన 177 అంశాల్లో కనీసం 170 తమ దగ్గర ఉన్నాయని, ప్రమాణాన్ని పూర్తిగా పాటించే డేటాబేస్ ఇంతవరకు ఒక్కటీ లేదని అందులోనే రాసుకున్నారు.

ఆ 2023 కూర్పులోనే, పట్టికల్లో ఉన్న సమాచారాన్ని బిందువులు, వాటిని కలిపే గీతలుగా చూసి అడిగే గ్రాఫ్ క్వెరీలు పదహారో భాగంగా చేరాయి. దానికి తోడుగా, పూర్తిగా గ్రాఫుల కోసమే జీక్యూఎల్ అనే వేరే భాషకు 2024లో ఐఎస్ఓ 39075 అనే సంఖ్యతో ప్రమాణం వచ్చింది. దాన్ని రాసింది ఎస్‌క్యూఎల్‌ను చూసుకునే ఆ మూడో కార్యవర్గమే. రికార్డుల మధ్య గొలుసులను ఒక్కొక్కటే పట్టుకుని నడవవలసిన బాక్‌మన్ కాలం నుంచి, ఆ గొలుసుల ఆకారాన్ని మాత్రం చెప్పి దారి వెతికే పని యంత్రానికే వదిలేసే భాష దాకా వచ్చాం.